పాత ఎస్‌యూవీ కొనే ముందు: హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నడుపుతున్నది 2012 మోడల్ ఎస్‌యూవీ. దానికి నేను మూడో యజమానిని. అంతకు ముందు రెండు పాత బండ్లు కొన్నాను. ఒకదానితో చేతులు కాల్చుకున్నాను, రెండోదాన్ని ఏడేళ్లు హాయిగా తిప్పాను. ఈ సంగతి తెలిసిన బంధువులూ, ఆఫీసు మిత్రులూ, పై అంతస్తు వాళ్లూ బండి చూడటానికి వెళ్లేటప్పుడు నన్నూ ఎక్కించుకుంటారు. దారిలో అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. వాటిని ఇక్కడ రాసిపెడుతున్నాను.

పాత ఎస్‌యూవీ కొనడం అసలు తెలివైన పనేనా?

ఎందుకు కొంటున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలికి ఒక్కరే వెళ్లి రావడానికైతే వద్దు. డీజిల్ ఖర్చు, పార్కింగ్ తిప్పలు తప్ప మీకు మిగిలేది లేదు. పండగలకు ఆరేడుగురు సామానుతో ఊరికి వెళ్తారు, పొలం దాకా మట్టి రోడ్డు, నెలకు రెండు దూర ప్రయాణాలు అంటే మాత్రం పాత ఎస్‌యూవీ ఇచ్చే సుఖం అదే ధరకు వచ్చే కొత్త చిన్న కారు ఇవ్వదు.

ఒక్క విషయం ముందే మనసులో పెట్టుకోండి. ముప్ఫై లక్షల బండి పదేళ్లకు ఎనిమిది లక్షలకు దిగుతుంది కానీ, దాని ఇంజెక్టరు ధర, టర్బో ధర, టైరు ధర దిగవు. అవి ఇప్పటికీ ముప్ఫై లక్షల బండి విడిభాగాలే. ఎనిమిది లక్షల కారు కొన్నాననుకుని షెడ్డుకు వెళ్లిన వాళ్లకే గుండె ఆగినంత పనవుతుంది.

చేతిలో ఎనిమిది లక్షలున్నాయి. ఎంతలో చూడాలి?

ఆరు, మహా అయితే ఆరుంపావు. మిగతాది బండిదే, కాకపోతే అమ్మేవాడికి ఇచ్చేది కాదు. ఆయిళ్లు, ఫిల్టర్లు, బ్యాటరీ, నాలుగు టైర్లు, బ్రేకులు, కొత్త బీమా, పేరు మార్పిడి ఖర్చు మొదటి రెండు నెలల్లోనే ఎదురవుతాయి. క్లచ్ కూడా తోడైతే ఆ పావు వంతు సరిగ్గా సరిపోతుంది. మొత్తం డబ్బు ధరకే పోసి, రిపేరుకు క్రెడిట్ కార్డు గీకే వాళ్లను చాలామందిని చూశాను.

ఏ సంవత్సరం మోడల్ చూడాలి?

ఇక్కడ మూడు తేదీలు గుర్తుంచుకోవాలి. బండి పొగ ఎంత శుభ్రంగా ఉండాలో చెప్పే బీఎస్-4 (భారత్ స్టేజ్) ప్రమాణం హైదరాబాద్‌లో 2010 ఏప్రిల్‌లోనే మొదలైంది, దేశమంతటికీ 2017 ఏప్రిల్‌లో వచ్చింది. బీఎస్-6 అన్నిచోట్లా 2020 ఏప్రిల్ 1 నుంచి. బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడు కొంతసేపు ఆగకుండా వేగంగా వెళ్లాలి. అమీర్‌పేట ట్రాఫిక్‌లోనే రోజంతా పాకే బండిలో అది పూడిపోయి హెచ్చరిక దీపం వెలుగుతుంది. పాత బీఎస్-4 డీజిల్‌లో సాధారణంగా ఈ బాధ లేదు, అందుకే 2013 నుంచి 2017 మధ్య బండ్లంటే నాకు ఇష్టం.

భద్రత వైపు నుంచి చూస్తే లెక్క మారుతుంది. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ కార్లన్నిటికీ తప్పనిసరి అయింది 2019 జులైలో. అంతకు ముందు తక్కువ ధర వేరియంట్లు చాలావాటిలో ఎయిర్‌బ్యాగ్ లేదు, గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ కూడా లేదు. పాత బండిలో పైవేరియంట్‌కు కాస్త ఎక్కువ పెట్టమని నేను చెప్పేది సన్‌రూఫ్ కోసం కాదు, ఈ రెండింటి కోసం.

ఏ బండి మంచిది?

ఈ ప్రశ్నకు నా జవాబు ఎవరికీ నచ్చదు. మంచి మోడల్ కంటే మంచి యజమాని ముఖ్యం. అయినా అడుగుతారు కాబట్టి చెబుతాను.

2009లో మన దేశానికి వచ్చిన మొదటి తరం ఫార్చ్యూనర్‌కు ధర పడిపోదు, అదే దాని లోపం. మూడు లీటర్ల ఇంజను గట్టిది, కానీ అందులో వాల్వులనూ పిస్టన్లనూ ఒకే లయలో నడిపే టైమింగ్ బెల్టు ఉంటుంది. సుమారు లక్షన్నర కిలోమీటర్లకు మార్చాలి. మార్చిన బిల్లు చూపించమనండి, లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకోండి. బెల్టు తెగితే వాల్వులు, పిస్టన్లు ఒకదానికొకటి కొట్టుకుంటాయి, అప్పుడిక మీ చేతిలో ఇంజను ఉండదు, ఇనుము ఉంటుంది. 2016 చివర్లో వచ్చిన రెండో తరంలో బెల్టు బదులు గొలుసు పెట్టారు.

పాత డస్టర్ 2012 నుంచి 2022 ఆరంభం దాకా అమ్మారు. మన గతుకుల రోడ్ల మీద దాని సస్పెన్షన్‌కు పోటీ లేదంటాను. దాని డీజిల్‌కూ బెల్టే. స్కార్పియో, బొలెరోలకు ఏ మండల కేంద్రంలోనైనా మెకానిక్ దొరుకుతాడు, అది చిన్న విషయం కాదు. కుదుపు తట్టుకోగలిగితే తీసుకోండి. నగరంలోనే ఎక్కువ తిప్పుతారనుకుంటే 2016లో వచ్చిన బ్రెజా డీజిల్, 2015లో వచ్చిన క్రెటా డీజిల్ చూడండి. రెండింటికీ గొలుసే.

కంపెనీ మన దేశంలో మూతపడితే ఆ బండి కొనవచ్చా?

షెవర్లే 2017 చివరికి ఇక్కడ అమ్మకాలు ఆపింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది, సర్వీసు, విడిభాగాలు మాత్రం కొనసాగిస్తోంది. ఎకోస్పోర్ట్, ఎండీవర్ ధరలు తగ్గడానికి కారణం ఇదే, బండ్లు చెడ్డవి కావు. ఆయిల్ ఫిల్టరు, బ్రేకు ప్యాడ్లు ఎక్కడైనా దొరుకుతాయి. హెడ్‌లైటు, బంపరు, ఎలక్ట్రానిక్ డబ్బాల్లాంటివి పోయినప్పుడే వారాల తరబడి ఎదురుచూడాలి. కొనే ముందు ఒక గంట విడిభాగాల దుకాణాలుండే రాణిగంజ్‌లో తిరిగి, ఆ మోడల్ హెడ్‌లైటు, రేడియేటరు ఉన్నాయా అని నాలుగు దుకాణాల్లో అడగండి. జవాబు చెప్పేటప్పుడు దుకాణదారు ముఖంలోనే మీకు సగం విషయం అర్థమైపోతుంది. ఇంట్లో ఇంకో బండి లేని వాళ్లకు మాత్రం నేను వద్దనే చెబుతాను.

పదిహేనేళ్లు దాటితే బండి తుక్కే కదా?

కాదు. సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తనిఖీ చేయించి, ఐదేసి సంవత్సరాలకు పునరుద్ధరించుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి కార్లకు కేంద్రం ఈ రుసుమును 600 నుంచి 5,000 రూపాయలకు పెంచింది. 20 ఏళ్లు దాటిన వాటికి 2025లో దాన్ని 10,000 చేసింది. దీని మీద రాష్ట్రానికి హరిత పన్ను ఉంటుంది. 2011 బండిని 2025లో కొన్నవారికి రెండేళ్లలోపే ఈ ఖర్చు వస్తుంది. బేరంలో దాన్ని తీసేయించుకోవాలి.

ఢిల్లీ నంబరు బండ్లు ఇంత చవకగా ఎలా ఇస్తున్నారు?

పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాలు ఢిల్లీ ప్రాంతంలో తిరగకూడదని 2014, 2015 సంవత్సరాల్లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తర్వాత ఆంక్షల అమలు అటూ ఇటూ అయినా భయం పోలేదు. అక్కడి యజమాని తొమ్మిదో ఏటే అమ్ముకుంటాడు. అందుకే చవక.

చవక అనేది అక్కడి ధర. ఇక్కడికి చేరేసరికి లారీ కిరాయి, అక్కడి రవాణా కార్యాలయం ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), మన దగ్గర వయసును బట్టి జీవితకాల పన్ను, కొత్త నంబరు, మధ్యవర్తి కమీషను అన్నీ కలుస్తాయి. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. ఎన్‌ఓసీ మన రవాణా కార్యాలయం పేరు మీద ఉందో లేదో చూడండి. ఇంకో రాష్ట్రం పేరు మీద తీసుకున్న ఎన్‌ఓసీ పట్టుకుని తిరిగే బండ్లను ముట్టుకోవద్దు. గడువు దాటి రిజిస్ట్రేషనే రద్దయిన బండి అయితే అక్కడి నుంచే వెనక్కి తిరగండి. అన్నీ కలిపి లెక్క వేస్తే మిగిలేది నలభై, యాభై వేలు. దాని కోసం చరిత్ర తెలియని బండి ఎందుకు అన్నది నా అభిప్రాయం.

ఏపీ, టీఎస్, టీజీ నంబర్లలో తేడా ఉందా?

2014 జూన్‌కు ముందు హైదరాబాద్‌లో రిజిస్టరైన బండ్లకు ఏపీ 09 నుంచి ఏపీ 13, రంగారెడ్డి జిల్లాలో ఏపీ 28, ఏపీ 29 ఉండేవి. అవి మన బండ్లే, ఇక్కడే బదిలీ అవుతాయి. 2014 జూన్ నుంచి టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ. ఏపీ 16, ఏపీ 31 లాంటివో, 2019 నుంచి వచ్చిన ఏపీ 39 నంబరో అయితే అది పక్క రాష్ట్రం బండి. ఎన్‌ఓసీ, పన్ను తప్పవు.

కాగితాలలో ఏమేం చూడాలి?

బండి చూడటానికి బయల్దేరక ముందే నంబరు అడిగి కేంద్ర రవాణా శాఖ పరివాహన్ వెబ్‌సైట్‌లో కొట్టండి. రిజిస్ట్రేషన్ తేదీ, ఎన్నో యజమాని, బీమా గడువు, బ్యాంకు అప్పు ఉందా, బ్లాక్‌లిస్టులో ఉందా అన్నీ కనిపిస్తాయి. పోలీసు ఈ-చలానా పేజీలో పెండింగ్ చలానాలు చూడండి. పద్దెనిమిది చలానాలు, అందులో పన్నెండు అతివేగానివి అని కనిపిస్తే, ఆ బండిని ఎలా నడిపారో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆర్సీలోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్నవాటితో మీరే కళ్లతో సరిచూసుకోండి. ఫోటో చూసి సరే అనవద్దు. ఆర్సీలో బ్యాంకు పేరుంటే అప్పు తీరినట్టు బ్యాంకు లేఖ, ఫారం 35 తెచ్చి పేరు కొట్టేయించాకే మిగతా డబ్బు ఇవ్వండి. అంతకు ముందు క్యాబ్‌గా తిరిగి తర్వాత తెల్ల నంబరు ప్లేటుకు మారిన బండి అయితే మీటరు ఎంత చూపించినా నమ్మవద్దు.

బదిలీకి ఫారం 29, ఫారం 30. అన్నిటికంటే ప్రమాదం ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని బండిని చేతులు మార్చడం. పాత యజమాని పేరు మీదే ముగ్గురి చేతుల్లోకి వెళ్తుంది. 2018లో సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టం చేసింది: బండి ఎవరి చేతిలో ఉన్నా, రికార్డులో పేరున్న వ్యక్తే ప్రమాద పరిహారానికి బాధ్యుడు. ఆ లెక్కన అమ్మేవాడికి భయం ఉండాలి. తొందరగా పేరు మార్చుకోమని మీ వెంటపడే యజమాని దొరికాడంటే అదృష్టవంతులు.

వరదలో మునిగిన బండిని ఎలా పట్టుకోవాలి?

ఇది నేను కాస్త వివరంగా చెప్పాలి. 2020 అక్టోబరు వానలకు మన నగరంలో ఎన్ని సెల్లార్లు నిండాయో అందరికీ తెలుసు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగింది. చెన్నైలో 2015లో ఒకసారి, 2023లో ఇంకోసారి. ఆ నీళ్లు తీసేశాక బండ్లు ఎక్కడికో వెళ్లాలి కదా!

మా తోడల్లుడి కోసం ఎల్‌బీ నగర్ వైపు ఒక బండి చూడటానికి వెళ్లాం. అద్దంలా మెరుస్తోంది, లోపల మల్లెపూల సెంటు. ఆ సెంటే నాకు నచ్చలేదు. వెనక సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా, ఇక రానని మొరాయించేదాకా లాగాను. ఆఖరి జానెడు మీద పంచె అంచులాగా ఒక గోధుమరంగు గీత. వేలితో రాస్తే పొడి మట్టి. స్టెప్నీ గుంతలో చాప ఎత్తితే మూలల్లో మెత్తటి ఒండ్రు, జాకీ నిలువెల్లా తుప్పు. "వానలో అద్దం తీసి మరిచిపోయామండీ" అన్నాడు అమ్మే అతను. అద్దంలోంచి పడిన వాన జాకీ దాకా వెళ్లి, అక్కడి నుంచి బెల్టు చుట్ట లోపలికి ఎక్కిందన్నమాట.

సీటు కింద పట్టాల బోల్టులు, డ్యాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్లు, హెడ్‌లైటు లోపలి తేమ కూడా చూడండి. మునిగిన బండి మొదటి ఏడాది నడుస్తుంది. ఆ తర్వాత ఒక్కో కనెక్టరు పచ్చగా పాచిపట్టి, ఒకనాడు ఏసీ, ఇంకోనాడు పవర్ విండో, చివరికి ఇంజను కంప్యూటరు పోతాయి.

మీటరు వెనక్కి తిప్పారేమో ఎలా తెలుస్తుంది?

కంపెనీ సర్వీసు చరిత్ర తీయించడమే ఖాయమైన మార్గం. ఆ తర్వాత కళ్లు. బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగ్ తోలు పెళుసెక్కి, డ్రైవరు సీటు కుడి అంచు కుంగి ఉంటే ఆ బండి 45,000 కిలోమీటర్ల బండి కాదు. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. నాలుగు టైర్లకు నాలుగు తేదీలుంటే ఎందుకో అడగండి. అన్నట్టు, రెండు లక్షలు తిరిగి సమయానికి సర్వీసయిన డీజిల్ బండి, తొంభై వేలు తిరిగి చరిత్ర లేని బండి కంటే మేలు.

ఇంజను బాగుందో లేదో మెకానిక్ లేకుండా తెలుసుకోవచ్చా?

కొంతవరకు. కానీ మెకానిక్‌ను తీసుకెళ్లండి. అతనికిచ్చే వెయ్యి, రెండు వేలు ఈ వ్యవహారం మొత్తంలో మీరు పెట్టే అతి చవకైన ఖర్చు.

ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఉస్తాదు ఒకాయన ఉన్నారు. బండి దగ్గరికి వెళ్లగానే ఏమీ మాట్లాడకుండా బానెట్ మీద అరచేయి పెడతారు. ఒకసారి అలాగే పెట్టి, నా వైపు తిరిగి, "సార్, మనం వస్తున్నామని దీనికి ఎవరో ముందే చెప్పారు" అన్నారు. వేడిగా ఉంది. చల్లటి ఇంజను మొదటిసారి స్టార్టయ్యేటప్పుడే దాని బాధ బయటపడుతుంది కాబట్టి అమ్మేవాళ్లు ముందే స్టార్ట్ చేసి ఉంచుతారు. మర్నాడు ఉదయం ఏడింటికి, తాళం తాకవద్దని చెప్పి మళ్లీ వెళ్లాం. ఈసారి ఇంజను నాలుగైదు తిప్పుళ్లకు గానీ అందుకోలేదు, నీలం పొగ వాకిలంతా కమ్మింది.

నీలం పొగ అంటే ఇంజను ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతుండవచ్చు. నల్ల పొగ అంటే డీజిల్ సరిగ్గా కాలడం లేదు, తప్పు ఇంజెక్టర్లదో టర్బోదో కావచ్చు. ఉస్తాదు చేసే ఇంకో పని చూడండి: ఇంజను ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, తిరగేసి ఆ రంధ్రం మీదే ఊరికే పెడతారు. మూత కాస్త అదిరితే ఫరవాలేదు. ఎగిరి పడుతుంటే పిస్టన్ రింగులు అరిగాయని అర్థం. కూలెంట్ డబ్బాలో నూనె తెట్టు, లేదా ఆయిల్ మూత అడుగున పాలు కలిపిన కాఫీ రంగు జిగురు కనిపిస్తే ఇంటికి వచ్చేయండి.

ప్రమాదం జరిగిన బండిని గుర్తించేదెలా?

బానెట్, తలుపుల కీలు బోల్టుల మీద రెంచీ పడిన గీతలు చూడండి. తలుపు అద్దాల మూలల్లో తయారీ సంవత్సరం గుర్తుంటుంది. మూడు అద్దాలు ఒక ఏడాదివి, నాలుగోది వేరే ఏడాదిది అయితే ఆ వైపు ఏదో తగిలింది. బంపరు, ఫెండరు మారితే నాకు అభ్యంతరం లేదు, మన ట్రాఫిక్‌లో అది మామూలే. కింద ఛాసిస్ మీద వెల్డింగ్ ఉంటే మాత్రం ఎంత తగ్గించినా వద్దు.

టెస్ట్ డ్రైవ్ ఎక్కడ చేయాలి?

కాలనీలో ఒక చుట్టు తిప్పి తెచ్చేది టెస్ట్ డ్రైవ్ కాదు. ముందు ట్రాఫిక్‌లో పావుగంట, ఏసీ వేసి. ఏప్రిల్, మే నెలల్లో చూస్తే ఇంకా మంచిది, మూడో వరుస ఏసీ నిజం అప్పుడే తెలుస్తుంది. తర్వాత స్పీడు బ్రేకర్ల వీధి, అద్దాలు దించి, పాటలు ఆపి. ఆ తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి 100 దగ్గర స్టీరింగ్ వణుకుతోందా, చేయి వదిలితే పక్కకు లాగుతోందా చూడండి. ఎత్తు మీద మూడో గేరులో ఒక్కసారి గట్టిగా తొక్కండి. ఇంజను మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయింది. ఫోర్ వీల్ డ్రైవ్ బండైతే మట్టి నేల మీద అది పడుతోందో లేదో చూడాలి. ఏళ్లుగా వాడకపోతే బిగుసుకుపోతుంది.

యజమాని, బ్రోకరు, షోరూము: ఎవరి దగ్గర కొనాలి?

నా ఓటు యజమానికే. ఆయన ఇంటికి వెళ్లి, టీ తాగి, బండి ఎందుకు అమ్ముతున్నారో అడగండి. బిల్లులన్నీ ఒక ఫైలులో పెట్టుకున్న రిటైర్డ్ ఉద్యోగి కనబడితే బేరం ఎక్కువ ఆడకండి. పాత వాహనాల వ్యాపారులకు రవాణా శాఖ అనుమతి ఉండాలన్న నిబంధన 2023 ఏప్రిల్ నుంచి ఉంది, చూపించమని అడగవచ్చు. వారంటీ ఇచ్చే పెద్ద సంస్థలు ధర ఎక్కువ చెబుతాయి, వారంటీలో ఏవి రావో రాసిన పేజీని మాత్రం రెండుసార్లు చదవండి.

బీమా దానంతట అదే నా పేరుకు మారుతుందా?

పూర్తిగా కాదు. బండి మీ చేతికి వచ్చాక 14 రోజుల్లో బీమా సంస్థకు దరఖాస్తు చేసి పేరు మార్పించుకోవాలి. ఆలస్యం చేసి ఈలోగా ఎక్కడైనా గుద్దితే, మీ బండి నష్టానికి క్లెయిము తిరస్కరించవచ్చు. క్లెయిము చేయని ఏళ్లకు బీమాలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, మనిషిది, బండిది కాదు. అది అమ్మినవాడితోనే వెళ్లిపోతుంది.

బంపరు ముందు బిగించిన ఇనుప గార్డు, అద్దాల మీది నల్ల ఫిల్ము ఉంచుకోవచ్చా?

తీసేయించండి. ఇనుప గార్డులను కేంద్రం 2017లో నిషేధించింది, ఎయిర్‌బ్యాగ్ సరిగ్గా తెరుచుకోకుండా కూడా చేస్తాయి. నల్ల ఫిల్ము మీకూ ట్రాఫిక్ పోలీసులకూ మధ్య పరిచయం పెంచడం తప్ప వేరే పనికి రాదు.

పాత పెట్రోల్ ఎస్‌యూవీకి ఇప్పటి పెట్రోల్ సరిపడుతుందా?

ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. 2023కు ముందు బండ్లు చాలావరకు దానికోసం చేసినవి కావు. మైలేజీ కొంత తగ్గుతుంది, పాత రబ్బరు గొట్టాలు త్వరగా పాడవవచ్చు. కొన్న వెంటనే ఇంధన గొట్టాలు చూపించుకోండి.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పడుతుందా?

ఇది ఎవరూ అడగరు, అడగాలి. టేపు తీసుకుని మీ పార్కింగ్ గడి వెడల్పు, ర్యాంపు మలుపు, అన్నిటికంటే దూలం కింద ఎత్తు కొలవండి. నా బండిని మొదటిరోజు గుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి సెల్లార్‌లోకి దించుతుంటే, పైనున్న లగేజీ క్యారియరు దూలానికి పట్టుకుంది. వెనక రెండు కార్లు, పైన వాచ్‌మన్ ఈల. ఆ రోజు విప్పిన క్యారియరు మళ్లీ బిగించలేదు. బాల్కనీలో ఉంది, దాని మీద మా ఆవిడ తులసి కుండీలు పెట్టింది.